పై అర బాపు చెప్పులకు

మంచిర్యాల నుంచి నస్పూర్ దాక కొత్త ఇండ్లు కట్టుకున్నోళ్లకు దర్వాజ పక్కన చెప్పుల అల్మారి పెట్టుడు నేర్పినోణ్ని నేనే. నా అల్మారిని చూసెతందుకు మనుషులు జీపులేసుకోని వచ్చిండ్రు. టేకు కట్టె, ఇత్తడి కొక్కేలు, నిలువుటద్దం. చూసినోడల్లా నోరు తెరిచిండు.

సరే, జీపులు రాలే. ఒక్క మనిషి సైకిల్ మీద వచ్చిండు, ఆయన గూడ పక్క గల్లీల పెండ్లింటికి తొవ్వ అడుగుదామని ఆగిండు. టేకు కట్టె కాదు, షాబాదు బండలు. కింది అరల తలుపులకు చాయపత్తి పెట్టెల చెక్క. కొక్కేలు ఇనుప మొలలే. అద్దం మాత్రం ఉండె, అరచెయ్యంత. అబద్ధం ఆడకుంట ముచ్చట మొదలు పెట్టుడు నాకు చాతగాదు, ఆడినంక ఒప్పుకునుడు చాతనైతది. మా ఇంట్ల అందరికి అలవాటైంది, మీరు గూడ జర ఓపిక పట్టుండ్రి.

ఒక్కటి మాత్రం ముందే చెప్తున్న. ఆ అల్మారి పెట్టినందుకు మా ఇంటిది, మా అన్న, మేస్త్రి, గల్లీల పెద్దమనుషులు, అందరు ఒక్కటై నన్ను తిట్టిండ్రు. నేను వినలే. ఇప్పుడు మళ్ల తిట్టినా వినను.

నేను బొగ్గుబాయిల పనిచేసేటోణ్ని. మూడు షిఫ్టుల మనిషిని. ఇల్లు కట్టకముందు ఉన్నది క్వార్టర్ల, ఒక అర్ర, ఒక వంటర్ర. దర్వాజ తీస్తే కాలు ఏడ పెట్టాల్నో తెలిసేది కాదు. బొగ్గు బురద పట్టిన నా బూట్లు, నా టోపి, వానకాలమైతే నీళ్లు కారుకుంట గొంగడి, పిల్లల బడి సంచులు, గొడుగు, సైకిల్ పంపు, ఊరి నుంచి తెచ్చి మళ్ల తీసుకపోవుడు మర్చిపోయిన కొడవలి. అన్ని దర్వాజ ఎనుక కుప్పవడి ఉండేటియి. పొద్దటి షిఫ్టుకు పోదామంటే ఒక బూటు దొరికితే ఇంకోటి దొరకకపోయేది. మా ఇంటిది పొయ్యి కాడి నుంచి లేవకుంటనే, "గొంగడి కింద సూడు. ఆడ లేకుంటె నీ బిడ్డ సంచిల సూడు" అనేది.

ఒకపారి బూటుల తేలు ఉండె. జానెడు తేలు, కొండి లేపి నా మీదికి వచ్చింది. ఈ సంగతి బాయిల చాన ఏండ్లు చెప్పిన. మొదట్ల అది చిటికెన వేలంతనే ఉండె, చెప్పంగ చెప్పంగ పెరిగింది. నిజానికి బూటు దులిపితే సచ్చిన తేలు కింద వడ్డది, అంతే. కాని మా ఇంటిది ఆ పొద్దు నుంచి ఒక మాట పట్టుకుంది. "ఇల్లంటు కడితే, దర్వాజ కాడ దేని జాగ దానికి ఉండాలె" అని. మాట ఆమెదే. తర్వాత అదే మాట మీద నేను నిలబడితే ఎదురు తిరిగింది గూడ ఆమెనే.

నస్పూర్ల జాగ తీసుకున్నంక నేను ముందుగాల లేపింది ఇల్లు కాదు, చుట్టు గోడ. ఇటుకలు, కంకర ఎవలన్న ఎత్తుకపోతరని ఫికర్. తల దాక లేపి, పెద్ద కమాను పెట్టి గేటు బిగించిన. కమాను లేదు, రెండు దిమ్మెలు. తల దాక అన్నది మాత్రం నిజమే, గల్లీల నా గోడే ఎత్తు. నాకు అది చూస్తే కడుపు నిండేది.

మా ఊరు ఖానాపూర్ అవుతల. ఎడ్లు, వరి, మక్క, ఇంత పసుపు. కొడుకు గోడ లేపిండని విని బాపు బస్సుల వచ్చిండు. నేను గేటు కాడ నిలబడి ఎదురు చూస్తున్న. బాపు గల్లీ మొగకు మలిగిండు. తలకు రుమాలు, భుజం మీద గొంగడి, చేతుల కట్టె, కాళ్లకు ఊళ్లె కుట్టిచ్చుకున్న తోలు చెప్పులు. ఆ చెప్పులు అడుగేస్తే కిర్రుమనేటియి, మనిషి కంటె ముందు చప్పుడు వచ్చేది. మా గోడ మొదలైన కాడ ఆ చప్పుడు ఆగింది. బాపు వంగి, చెప్పులు రెండు ఇడిసి, ఒకదాని మీద ఒకటి పెట్టి చంకల పెట్టుకున్నడు. గోడ పొంటి వట్టి కాళ్లతోని నడుసుకుంట నా కాడికి వచ్చిండు.

"ఏంది బాపు, గట్ల ఇడిసినవ్?" అన్న.

"పెద్ద గోడ గద బిడ్డా" అన్నడు. నవ్వుకుంటనే అన్నడు.

ఎందుకో చెప్పాలె. మా ఊళ్లె దొర గడి ఉండె, కోటంత ఇల్లు. గడి గోడ మొదలైన కాడ చెప్పులు ఇడిసి చేతుల పట్టుకోవాలె, గోడ అయిపోయినంక తొడుక్కోవాలె. ఎండకు కాళ్లు కాలినా, పల్లేరు ముండ్లు గుచ్చుకున్నా అంతే. ఎవడు డప్పు కొట్టి చెప్పలే, అందరికి ఎరుక. ఒకనాడు బాపు గడిల వడ్లు మోసెతందుకు పోయి, చెప్పులు బయట ఇడిసిపెట్టిండట. పని అయి వచ్చేసరికి గడి మనిషి ఎవడో వాటిని కుంటల పారేసి నవ్వుతుండట. అప్పటి సంది బాపుకు చెప్పులు ఇడుసుడంటే చంకల పెట్టుకునుడే. కింద పెట్టుడన్నది లేదు.

నేను చిన్న పోరణ్ని ఉన్నప్పుడు బాపు నన్ను భుజాల మీద ఎక్కించుకోని గడి ముంగట నుంచి పోతుంటే, చెప్పులు నా చేతికి ఇచ్చేది. ఒకనాడు నేను ఆ రెండు చెప్పులతోనే చప్పట్లు కొట్టిన. మా ఊళ్లె దొరకు మొదట ఎదురు తిరిగినోణ్ని నేనేనని దోస్తులకు చెప్పుకునేటోణ్ని. భుజాల మీద కూసున్న పోరనికి ఎదురు తిరుగుడేంది, నాకు అది ఆట. బాపు మాత్రం నా తొడ మీద కమిలేటట్టు గిచ్చిండు.

తర్వాత కాలం తిరిగింది. ఊర్లల్ల కూలోళ్ల సంఘాలు వచ్చినయి. దొరలు కొందరు కరీంనగర్ పోయిండ్రు, కొందరు హైదరాబాద్ పోయిండ్రు. గడికి తాళం వడ్డది. బాపు చంక మాత్రం ఖాళీ కాలే. మంచిర్యాల స్టేషన్ ముందట ఇడిసెటోడు, బ్యాంకు ముందట ఇడిసెటోడు, టాకీసు ముందట ఇడిసెటోడు. పెద్ద గోడ కనవడితే చాలు. మేమందరం నవ్వుకునేది, నేను గూడ నవ్విన. కాని నేను బొగ్గు తవ్వి లేపిన గోడ ముందట ఇడిసిండు సూడుండ్రి, ఆ పొద్దు నాకు నవ్వు రాలే. నా బాపుకు నా ఇల్లు గూడ గడి లెక్కనే కనవడ్డది.

గడ్డపార అందుకోని ఆ గోడ సగం కూలగొట్టిన. కూలగొట్టలే. ఒక్క తన్ను తన్నిన, కాలి వేలు వాసి బూటు పట్టలే. వేలుకు పసుపు పట్టి పెట్టుకోని కూసున్నప్పుడు తోచింది. గోడ ఉండనీ. గోడ లోపట బాపు చెప్పులకు ఒక జాగ ఉండాలె. గేటు కాడ కాదు, మెట్ల కింద కాదు. దర్వాజ పక్కన, వచ్చినోనికి మొట్టమొదలు కనవడేటట్టు, ఎత్తు మీద. ఆడ బాపు తన చేతులతోని తన చెప్పులు పెట్టాలె. అప్పుడే అది నా ఇల్లు.

వరండా నేల పోసి ఆరినంక, క్వార్టర్ల కుప్పంత సైకిల్ మీద తెచ్చి ఆడ పరిసిన. బొగ్గు పెళ్లతోని ఒక్కో దాని సుట్టు గీత గీసిన. తడిసి వచ్చేటియి ఒక దిక్కు, ఎండి ఉండేటియి ఒక దిక్కు. రోజు కావలసినయి ముందట, వానకాలం మాత్రమే కావలసినయి ఎనుక. ఎవలకు ఎంత ఎత్తు అందుతదో పిల్లలను నిలబెట్టి గోడకు గీసిన. అన్నిటి కంటె కింద వాలుగ ఒక బండ, బూట్ల నీళ్లు వాకిట్లకు జారేటట్టు. దాని మీద బూట్లు బోర్లేసి తలిగించెతందుకు మేకులు, తేలు దూరకుంట. దాని పైన పిల్లల అర, సంచులు గూడ అందుల్నే. ఇంకో పైన మా ఇద్దరిది. బయటి మూలకు, గాలి తలిగే కాడ, గొంగడికి గొడుగుకు మొలలు. కూసోని బూట్లు ఇప్పుకునెతందుకు పక్కన గద్దె లెక్క ఒక మందం బండ. తాళం చెవికి, బ్యాటరీ లైటుకు చిన్న గూడు. అన్నిటి మీద, ఛాతీ ఎత్తుల, ఒక్క అర. అది బాపుది.

మేస్త్రి ఆ గీతలు చూసి కరణి కింద పెట్టిండు. "అన్నా, దర్వాజ పక్కన చెప్పులు, అది గూడ ఛాతీ ఎత్తుల? లక్ష్మి వచ్చే తొవ్వ అది. నేను కట్ట. రేపు మీ ఇంట్ల ఏమన్న అయితే నా పేరు చెప్తరు."

"నీ పేరు చెప్పను. నువ్వు కట్టు."

"సెప్టిక్ ట్యాంకు మీద కట్టుమంటె గూడ కడ్త అన్నా. గిది మాత్రం కట్ట."

మా ఇంటిది నడుము మీద చెయ్యి పెట్టుకోని వచ్చింది. "కడపకు పసుపు పూసుకుంట నేను తల లేపితే, నా నెత్తి మీద మగోని చెప్పులు ఉంటయా?"

"మా బాపుయి. మగోనియి కాదు."

"మీ బాపు మగోడు కాదా?"

నేను మాట మలిపిన. బాపుకు మోకాళ్ల నొప్పులు, కిందికి వంగలేడు, అందుకని ఎత్తు మీద పెడుతున్న అన్న. అసలు సంగతి ఆమెకు చెప్పలే. ఆమె మంచిర్యాల పిల్ల, రైలు పట్టాల పక్కన పెరిగింది, గడి ఎట్ల ఉంటదో సూడలే. మామ చెప్పులు చంకల పెట్టుకునుడు దొంగల భయమని అనుకునేది. నేను అట్లనే అనుకోనిచ్చిన.

ఊరి నుంచి మా అన్న వచ్చిండు. "తమ్మీ, దేవుని గూడు కంటె చెప్పుల గూడు ఎత్తు మీదనా? ఊళ్లె తెలిస్తే నవ్వుతరు" అన్నడు. నేను మేస్త్రిని పిలిచి దేవుని గూడును ఇంకో మూరెడు పైకి జరిపిచ్చిన. ఇప్పటికీ మా ఇంట్ల దీపం పెట్టాల్నంటే పీట ఎక్కాలె. దేవుడు ఏమనలే, అన్నది మనుషులే. ఆఖరికి మా ఇంటిది ఒక్క మెట్టు దిగింది. "పెడితే పెట్టు, అన్నిటికి తలుపులు పెట్టు, కనవడకుంట" అన్నది. ఆమె ఒప్పుకున్నంక మేస్త్రి గూడ గొణుక్కుంటనే కట్టిండు. కింది అరలకు తలుపులు పెట్టిన. పై అరకు పెట్టలే. కనవడాలనే కద పెట్టుడు.

ఆ తలుపుల చెక్క గడి దర్వాజదని గల్లీల చెప్పుకున్న. గడి కట్టెలు అప్పటికే అమ్ముడు మొదలైంది, అందరు నమ్మిండ్రు. చాయపత్తి చెక్కనేనని మీకు ముందే చెప్పిన.

వరి కోతలు అయినంక బాపు ఉండెతందుకు వచ్చిండు. చేయి పట్టుకోని తీసుకపోయి, "గిది నీదే బాపు" అని చూపిచ్చిన. బాపు బండ మీద చెయ్యేసి రాసిండు. "నున్నగున్నది" అన్నడు. రుమాలు ఇప్పి దాని మీద పెట్టిండు. పక్కన తంబాకు డబ్బ పెట్టిండు. చెప్పులు చంకల పెట్టుకోని లోపటికి పోయిండు.

మా ఇంటిది కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఊరందరితోని కొట్లాడి రుమాలుకు సింహాసనం కట్టిచ్చినవ్."

నేను పట్టు ఇడువలే. పొద్దుపొద్దున రుమాలు తీసి మొలకు తలిగించేది, అర ఖాళీ చేసేది. బాపు మళ్ల రుమాలు ఆడనే పెట్టేది. వానలు మొదలైనయి. తడిసిన తోలు పక్కల పెట్టుకోని పండుకుంటే వాసన, అందుకని బాపు వాలు బండ మీద, నా బూట్ల పక్కన చెప్పులు ఆరేసిండు. నేను చూడనట్టే ఉన్న. ఇంకొన్నాళ్లకు ఒకనాడు నేను షిఫ్టు అయి వచ్చి, వాలు బండ నిండ నా బూట్లు, క్వార్టర్ల ఉండే మా తమ్ముని బూట్లు పెట్టిన. బాపు బయటికెల్లి వచ్చి అటు ఇటు చూసి, జాగ లేక, చెప్పులు పై అరల పెట్టిండు. మా తమ్ముడు ఆ పొద్దు మా ఇంటికి రానే రాలే. అతని బూట్లు నేనే అడుక్కోని తెచ్చి పెట్టిన.

ఆ వారం అంత బాయిల నా ముచ్చట అదే. నాతోని పని చేసెటోళ్లకు నా బాపు చెప్పులు కంఠపాఠమైనయి.

ఐతారం నాడు గేటు కాడ కారు ఆగింది. తెల్ల ప్యాంటు, నల్లగ మెరిసే బూట్లు, చేతుల పెండ్లి కార్డులు. దొర కొడుకు. ఈడు నా అంతనే, నెత్తి నాకంటె ఎక్కువ నెరిసింది. బిడ్డ పెండ్లికి పాత ఊరోళ్లను తనే తిరిగి పిలుస్తుండట. బాపు గద్దె బండ మీద కూసోని తంబాకు నలుపుతుండు. గేటు తీసిన చప్పుడుకు తల లేపిండు. లేచి నిలబడ్డడు. మాట రాకముందే చెయ్యి పై అరకు పోయింది. చెప్పులు చంకలకు వచ్చినయి.

"బాంచెన్, చిన్నదొరా" అన్నడు.

నేను ఒక్క దుంకు దుంకి దొర కొడుకు గల్ల పట్టుకున్న. పట్టుకోలే. కదల్లే. చేతుల చాయ కప్పు అట్లనే ఉండె. ఎన్నో ఏండ్ల సంది ఎదురు పడితే గిట్లంట, గట్లంట అని అనుకున్న మాటలన్ని ఏడికి పోయినయో తెల్వది.

మా ఇంటిది మంచినీళ్ల గిలాస పట్టుకోని బయటికి వచ్చింది. వచ్చినాయనను చూసింది. బాపు చంకను చూసింది. గిలాస గూట్లె పెట్టింది.

"మామా, ఇటియ్యి."

"ఉండనియ్యి బిడ్డా" అన్నడు బాపు. చంక ఇంకింత బిగిచ్చిండు.

"ఇంట్ల దేని జాగ దానికి ఉన్నది. ఇటియ్యి."

మెల్లగ గుంజుకుంది. లక్ష్మి తొవ్వ అని నాతోని కొట్లాడిన మనిషి, ఆ చెప్పులు రెండు చేతులతోని పట్టుకోని పై అరల పెట్టింది, జత సక్కగ సర్ది. అదే నోటితోని వచ్చినాయనకు చెప్పింది. "సారూ, మీ బూట్లు కింది అరల పెట్టుండ్రి. గా బండ మీద కూసోని ఇప్పుకోండ్రి."

ఆయన కూసున్నడు. వంగి, దారాలు ఇప్పుకున్నడు. బూట్లు నా బొగ్గు బూట్ల పక్కన పెట్టిండు. పైన బాపు చెప్పులు, కింద ఆయన బూట్లు. వంగినప్పుడు ఆయన చేతులు వణికినయని నేను చాన మందికి చెప్పిన. వణకలే. ఆయనకు ఏం సమజు కాలే. "మంచిగ కట్టిచ్చుకున్నరు. మా ఇంట్ల బూట్లు ఏడవడితే ఆడ ఉంటయి" అని మర్యాదగనే అన్నడు. బాపు మాత్రం, చెప్పులు పోయిన చంకల ఏం పెట్టుకోవాల్నో తెల్వక, చెయ్యి అట్లనే మడిచి పెట్టుకోని నిలబడ్డడు.

"పటేలా, పెండ్లికి తప్పకుంట రావాలె" అన్నడు ఆయన. గడిల 'ఏరా' అన్న ఇంటి నోరు అది. బాపు సరే అన్నట్టు తలకాయ ఊపిండు. ఆయన మళ్ల అదే బండ మీద కూసోని బూట్లు తొడుక్కోని పోయిండు. నా బూట్ల మసి ఆయన బూటుకు అంటుకుంది. నేను చూసిన. చెప్పలే.

కారు పోయినంక మా ఇంటిది అడిగింది. "ఎవలాయన? మామ గంత భయపడ్డడేంది?"

అప్పుడు చెప్పిన, గడి సంగతి, కుంట సంగతి, గోడ సంగతి. అంత విన్నది.

"మోకాళ్ల నొప్పులంటివి."

"అవి గూడ ఉన్నయి."

"అబద్ధాలు ఆడెటోనికి నిజం ఎప్పుడు చెప్పాల్నో గూడ తెలువది" అని గిలాస తీసుకోని లోపటికి పోయింది. ఆ నీళ్లు ఎవలు తాగలే.

పెండ్లి కరీంనగర్ల. అన్న ఊరి నుంచి వచ్చి బాపును తీసుకపోతనన్నడు. పోయే పొద్దు మా ఇంటిది తెల్లారంగనే వరండా కడిగి, కడపకు పసుపు పూసి, ముగ్గేసింది. బాపు కొత్త ధోతి కట్టుకోని వచ్చిండు. పై అర నుంచి చెప్పులు తీసిండు. చంకల పెట్టుకోలే. కడిగిన వరండా మీదనే, దర్వాజ కాడనే, కింద పడేసి కాళ్లకు తొడుక్కున్నడు. తడి నేల మీద అచ్చులు పడుకుంట మెట్లు దిగిండు.

నేను మా ఇంటిదాని మొఖం చూసిన, ఇప్పుడు తిడుతదని. ఆమె బట్ట తెచ్చి అచ్చులు తుడుసుకుంట, "నన్నేంది సూస్తున్నవ్, గేటు తియ్యి పో" అన్నది.

గేటు తీసిన. బాపు, అన్న గల్లీల నడిసిండ్రు. గోడ పొంటి ఆ మొగ దాక, కిర్రు కిర్రుమని.

కరీంనగర్ల ఆ పెండ్లి మండపానికి నా గోడ కంటె ఎత్తు గోడ ఉన్నదట. బాపు దాని ముందట నుంచి చెప్పులు తొడుక్కోని, మీసం మీద చెయ్యేసి పోయిండని ఇన్నేండ్ల సంది అందరికి చెప్తున్న. నేను పోలే, నాకు షిఫ్టు ఉండె. పోయినోడు అన్న. అన్నను ఎన్నడు అడగలే. అడిగితే నిజం చెప్తడు.

నా గోడ పొంటి మాత్రం తొడుక్కునే పోయిండు. గేటు పట్టుకోని నిలబడి నా చెవులతోని విన్న.